గోదారి చెమ్మలో ఫొటో ప్రింటర్: ఇంటికి ఏది కొనాలి, ఎలా నిలుపుకోవాలి

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద విరుచుకుపడినప్పుడు మా పెంకుటింటి కప్పు సగం లేచిపోయింది. తెల్లారాక అమ్మ నేరుగా అటక మీది పెట్టె దగ్గరికి వెళ్లింది. ఆల్బమ్‌లన్నీ నీళ్లు పీల్చి ఉబ్బిపోయి ఉన్నాయి. తడి ఆరకముందే విడదీసిన ఫొటోలు బతికాయి. వాటిని దండెం మీద బట్టల క్లిప్పులు పెట్టి ఆరేశాం. "తర్వాత చూద్దాంలే" అని పక్కన పెట్టిన కట్ట మాత్రం రెండు రోజుల్లో ఇటుకలా గట్టిపడింది. తాతయ్య, నాయనమ్మ కలిసి దిగిన ఒకే ఒక్క ఫొటో ఆ కట్టలోనే ఉంది.

అందుకే ఫొటో ప్రింటర్ గురించి ఎవరు అడిగినా నేను ముందు చెమ్మ గురించే మాట్లాడతాను. హైదరాబాదులో ఉన్నవాళ్లు రాసిన సలహాలు మనకి సగమే పనికొస్తాయి. అక్కడ ఇంక్ ఎండిపోవడం పెద్ద సమస్య. మనకి దాంతోపాటు కాగితం చెమ్మ పీల్చడం, ప్రింటు ఆరకపోవడం, ఫొటో అద్దానికి అతుక్కుపోవడం కూడా ఉన్నాయి. ఈ క్రమంలో వెళ్తే డబ్బు వృథా కాదు.

1. ముందు కాగితం మీద లెక్క రాసుకోండి

షాపుకి వెళ్లేముందు ఇంట్లో అందరూ కూర్చుని మూడు ప్రశ్నలకి జవాబు రాసుకోండి. ఏడాదికి ఎన్ని ఫొటోలు ప్రింటు తీయిస్తాం? ఏ సైజులో? రెండు ప్రింట్లకీ మధ్య ఎన్నాళ్లు ఖాళీ వస్తుంది?

మూడో ప్రశ్నని చాలామంది వదిలేస్తారు. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. మన ఇళ్లలో ఫొటోలు ఒక వరసలో రావు. సంక్రాంతికి అత్తలు, బాబాయిలు, పిల్లలు అందరూ దిగుతారు, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తాం, నాలుగు రోజుల్లో నాలుగొందల ఫొటోలు. ఆ తర్వాత ఏ అన్నప్రాసనో, ఓణీల ఫంక్షనో వచ్చేదాకా మూడు నెలలు ఏమీ ఉండదు. ఇంక్‌జెట్ ప్రింటర్‌కి ఈ పద్ధతి అస్సలు గిట్టదు. వారానికోసారైనా రంగు కదలకపోతే దాని నాజిల్స్‌లో, అంటే ఇంక్ బయటికి చిమ్మే సన్నని రంధ్రాల్లో, ఇంక్ గట్టిపడుతుంది.

ఏడాదికి 40, 50 ప్రింట్లు దాటకపోతే ప్రింటర్ కొనొద్దు. రాజమండ్రిలోనో భీమవరంలోనో అమలాపురంలోనో ల్యాబ్‌కి ఇచ్చేయండి. ల్యాబుల్లో మామూలుగా వాడేది వెలుతురుకి స్పందించే వెండి పూత కాగితం. అది రసాయనాల్లో కడిగి తీసే అసలైన ఫొటో. చాలాకాలం నిలుస్తుంది, ఖర్చూ తక్కువ. పెళ్లి ఆల్బమ్ ఎలాగూ స్టూడియోవాళ్లే చేస్తారు కాబట్టి దాన్ని ఈ లెక్కలో కలపకండి.

2. రకం తేల్చుకోండి

ఇంటికి పనికొచ్చేవి ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది ఇంక్‌జెట్‌లోనే ఒక రకమైన ఇంక్ ట్యాంక్ ప్రింటర్, రెండోది డై సబ్లిమేషన్ ప్రింటర్.

ఈ రెండో రకం మనవైపు ఎక్కువమంది చూసి ఉండరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కెనాన్ సెల్ఫీ వరస ఈ రకమే. సీపీ1500 మోడల్ 2022లో వచ్చింది. ఇందులో ద్రవరూపంలో ఇంక్ ఉండదు. ఒక రిబ్బన్ మీద పసుపు, మెజెంటా (గులాబీ ఎరుపు), సయాన్ (లేత నీలం) రంగుల పలకలు, చివర పారదర్శకమైన పూత వరసగా ఉంటాయి. వేడి తగిలితే ఆ రంగు కాగితంలోకి దిగుతుంది. మొదటిసారి పని చేస్తున్నప్పుడు మా ఇంట్లో పిల్లలంతా దాని చుట్టూ చేరారు. కాగితం ఒకసారి లోపలికి వెళ్లి బయటికి వస్తుంది, అప్పటికి మనుషులంతా పసుపుముద్దల్లా ఉంటారు. మళ్లీ వెళ్లి వస్తుంది, ఎరుపు ఎక్కుతుంది. మూడోసారికి నీలం కలిసి ముఖాలు తేరుకుంటాయి. నాలుగోసారి పైన పూత పడుతుంది. నిమిషంలోపే పని అయిపోతుంది. చేతికొచ్చేసరికే పొడిగా ఉంటుంది. పైన పూత ఉంది కాబట్టి నీటిచుక్క పడ్డా మెత్తని గుడ్డతో తుడిచేయొచ్చు.

మూడు నెలలు కట్టేసి ఉంచినా దీనికి జామ్ అయ్యే గొడవ లేదు, ఎండిపోవడానికి లోపల ఇంకే లేదు కాబట్టి. చెమ్మ ఎక్కువగా ఉండి, ఎప్పుడో ఒకసారి వాడే మన ఇళ్లకి ఇది బాగా నప్పుతుందని నా నమ్మకం. కాకపోతే సైజు పోస్ట్‌కార్డుకి మించదు, అంటే ఇంచుమించు 4×6 అంగుళాలే. కాగితం, రిబ్బన్ కలిపి ఒకే ప్యాక్‌గా కొనాలి, ఆ కంపెనీదే కొనాలి. కాగితం నాలుగుసార్లు వెనక్కీ ముందుకీ తిరుగుతుంది కాబట్టి ప్రింటర్ వెనక జానెడు ఖాళీ వదలాలి, ఆ దారిలో దుమ్ము ఉండకూడదు. రైస్‌మిల్లుకి దగ్గర్లో ఉన్న ఇళ్లవాళ్లు ఊక బూడిద సంగతి గుర్తుపెట్టుకోండి. ఒక్క రేణువు పడ్డా ఫొటోలో తెల్లచుక్క మిగులుతుంది.

ఇంకో మాట. వాడేసిన రిబ్బన్ మీద మీరు ప్రింటు తీసిన ప్రతి ఫొటో మూడు రంగుల్లో నెగెటివ్‌లా మిగిలి ఉంటుంది. వెలుతురుకి పెట్టి చూస్తే ముఖాలు తెలిసిపోతాయి. చెత్తలో పడేసేముందు కత్తెరతో ముక్కలు చేయండి.

ఇంక్ ట్యాంక్ రకం అందరికీ తెలిసిందే. సీసాలతో ఇంక్ పోసుకుంటాం. ఏ4 దాకా, కొన్ని మోడళ్లలో ఏ3 దాకా ఫొటో వస్తుంది. పిల్లల ప్రాజెక్టు పనీ, ఆధార్ కాపీలూ కూడా గడిచిపోతాయి. నెలకి 30, 40 ఫొటోలు క్రమంగా తీసేవాళ్లకీ, గోడకి పెద్ద ఫొటోలు కావాలనుకునేవాళ్లకీ ఇదే సరైనది.

జేబులో పట్టే బుల్లి ప్రింటర్లూ ఉన్నాయి. ఇంక్ లేకుండా కాగితంలోనే రంగు దాచిన జింక్ రకం ఒకటి, అప్పటికప్పుడు ఫిల్మ్ మీద వచ్చే ఇన్‌స్టాక్స్ రకం ఒకటి. పుట్టినరోజుకి సరదాగా బాగుంటాయి. తరాలపాటు దాచుకునే ఫొటోకి వాటి మీద ఆధారపడకండి. ఇక లేజర్ ప్రింటర్, అదే కలర్ జిరాక్స్, ఫొటోలకి కాదు. మామూలు గ్లాసీ షీటు అందులో పెడితే వేడికి పూత కరిగి లోపల అతుక్కుపోయి మిషను పాడవుతుంది.

3. ట్యాంక్ రకం అయితే రంగులు లెక్కపెట్టండి

షాపులో ఎక్కువగా చూపించేది నాలుగు రంగుల ప్రింటర్. నలుపు, సయాన్, మెజెంటా, పసుపు. ఫొటోల కోసమే కొంటున్నారంటే ఆరు రంగులది అడగండి. ఎప్సన్ ఎల్8050లో ఈ నాలుగింటికి లేత సయాన్, లేత మెజెంటా కలుస్తాయి. కెనాన్ జీ570, జీ670ల్లో ఎరుపు, బూడిద రంగు కలుస్తాయి. జీ670కి స్కానర్ కూడా ఉంది. పాత ఫొటోలు కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలనుకునే ఇంటికి ఆ స్కానర్ చాలా విలువైనది.

లేత రంగులు ఎందుకంటే, చెంప మీది లేత ఛాయని, సాయంత్రం గోదారి మీది ఆకాశాన్ని నాలుగు రంగులతో చూపించాలంటే ముదురు చుక్కల్ని దూరదూరంగా వేయాలి. దగ్గరికి తెచ్చి చూస్తే ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. లేత ఇంక్ ఉంటే చుక్కలు దగ్గరగా పడి నునుపు వస్తుంది.

నలుపు సంగతి కూడా అడగాలి. ఇంక్‌లో డై, పిగ్మెంట్ అని రెండు రకాలు. డై అంటే నీళ్లలో పూర్తిగా కరిగిన రంగు, పిగ్మెంట్ అంటే సన్నని పొడి రేణువులు. కొన్ని నాలుగు రంగుల మోడళ్లలో మూడు రంగులూ డై, నలుపు ఒక్కటే పిగ్మెంట్. అక్షరాలకి అది చాలా బాగుంటుంది. గ్లాసీ కాగితానికి మాత్రం ఆ నలుపు పట్టదు. అందుకని ఫొటో తీసేటప్పుడు ప్రింటర్ దాన్ని పక్కనపెట్టి, మిగతా మూడు రంగులు కలిపి నలుపు తయారుచేస్తుంది. నల్లని జుట్టు గోధుమరంగులోకి తిరగడం, వాలుజడలో పాయలు కలిసిపోవడం దాని వల్లే. మా మేనకోడలి ఓణీల ఫంక్షన్ ఫొటోలు అలాంటి ప్రింటర్లో తీసి చూశాకే నాకిది తెలిసింది. పూలజడ ఫొటో అది, జడ మాత్రం కాఫీరంగులో వచ్చింది.

హెడ్, అంటే ఇంక్ చిమ్మే భాగం, దాని గురించి కూడా ఒక ప్రశ్న వేయండి. కెనాన్, హెచ్‌పీ ఇంక్‌ని వేడిచేసి చిమ్ముతాయి. ఎప్సన్ విద్యుత్తుతో వంగే స్ఫటికంతో నెడుతుంది. రెండింటిలోనూ మంచి ఫొటో వస్తుంది. కెనాన్ ట్యాంక్ మోడళ్లలో చాలావాటికి హెడ్ విడిగా కొని మార్చుకోవచ్చు. ఎప్సన్‌లో హెడ్ ప్రింటర్‌లో భాగం, అది పోతే సర్వీసు సెంటర్‌లో ఖర్చు గట్టిగానే ఉంటుంది. కాబట్టి సర్వీసు సెంటర్ మీ ఊరికి ఎంత దూరమో కొనేముందే కనుక్కోండి. వారంటీలో సంవత్సరాలతో పాటు పేజీల హద్దు కూడా రాసి ఉండొచ్చు. ఏది ముందు పూర్తయితే అక్కడితో సరి.

4. ఖర్చు కట్టే పద్ధతి

డై సబ్లిమేషన్ లెక్క తేలిక. 4×6 పెద్ద ప్యాక్‌లో 108 కాగితాలు, వాటికి సరిపడా మూడు రిబ్బన్లు వస్తాయి. ప్యాక్ ధరని 108తో భాగిస్తే ఒక ఫొటో ఖర్చు వస్తుంది. ఫొటోలో రంగు ఎక్కువున్నా తక్కువున్నా అదే ఖర్చు.

ఇంక్ ట్యాంక్‌లో సీసా మీద రాసిన పేజీల లెక్కని ఫొటోకి వాడకండి. అది కాగితంలో కొంత భాగమే రంగు పడే ఆఫీసు పేజీల లెక్క. ఫొటో అంటే అంచు నుంచి అంచు దాకా రంగే. హెడ్ క్లీనింగ్‌కి పోయే ఇంక్ కూడా ఉంటుంది. నెలకి ఒకటి రెండు ఫొటోలే తీసే ఇంట్లో ఆ ఖర్చు ఫొటో ఖర్చుని మించిపోతుంది. అలా వృథా అయిన ఇంక్ ప్రింటర్ అడుగున ఒక స్పాంజిలోకి చేరుతుంది. అది నిండిందని లెక్క తేలగానే ప్రింటర్ ఆగిపోతుంది. జీ570, జీ670ల్లో దాన్ని పెట్టెలా తీసి మనమే మార్చుకోవచ్చు. కొన్ని మోడళ్లలో సర్వీసువాళ్లే మార్చాలి. ఈ విషయం కూడా షాపులో అడగండి.

5. మీ ఫొటోతోనే షాపులో పరీక్షించండి

కంపెనీవాళ్లు పెట్టే నమూనా ఫొటోలో రంగురంగుల చిలకలు ఉంటాయి. అది చూసి మురిసిపోవద్దు. పెన్‌డ్రైవ్‌లో మీ ఫొటోలే మూడు తీసుకెళ్లండి. చామనఛాయ ముఖం, తెల్లటి పందిరి కలిసి ఉన్నది ఒకటి. నల్లని జుట్టు, జరీ పట్టుచీర ఉన్నది ఒకటి. వరిచేను, కొబ్బరిచెట్లు, ఆకాశం ఉన్నది ఒకటి. ఒక్కోటి 4×6 తీయించండి. డబ్బు అడిగితే ఇవ్వండి, తప్పులేదు.

వచ్చిన ప్రింటుని ట్యూబులైటు కింద చూసి ఊరుకోకండి, గుమ్మం బయటికి తెచ్చి పగటి వెలుగులో చూడండి. మొదట చెంప మీద చుక్కలు ఉన్నాయేమో వెతకండి. తర్వాత జుట్టులో పాయలు విడివిడిగా ఉన్నాయా చూడండి. జరీలో పసుపు, బంగారు ఛాయలు వేరుగా కనిపించాలి. వరిచేను పచ్చ మరీ నీలంలోకి వెళ్తే అది సెట్టింగ్ తప్పు అయ్యుండొచ్చు, కాగితం రకం మార్చి మళ్లీ తీయమనండి.

ఫైలు సరైనది తీసుకెళ్లడం కూడా మీ పనే. అంగుళానికి 300 పిక్సెళ్లు ఉంటే ఫొటో పదునుగా వస్తుంది. 4×6కి 1800×1200 పిక్సెళ్లు చాలు. ఏ4కి మాత్రం 3508×2480 కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో పొడవు వైపు సాధారణంగా 1600 పిక్సెళ్లకి కుదించుకుపోతుంది. 4×6లో అది అంగుళానికి 266 అవుతుంది, పర్వాలేదు. అదే ఏ4లో 137కి పడిపోతుంది, కనుబొమలు మసకబారిపోతాయి. అన్నయ్య దుబాయ్ నుంచి ఫొటో పంపుతుంటే డాక్యుమెంట్‌గా పంపమనండి.

6. కాగితం విషయంలో పిసినారితనం వద్దు

ప్రింటర్ మంచిదే కొని కాగితం చవకది తెచ్చి, "రంగులు బాగోలేవండి" అనేవాళ్లని చాలామందిని చూశాను.

షాపుల్లో తేలిగ్గా దొరికే 180 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే లెక్క) గ్లాసీ షీట్లలో ఎక్కువభాగం మామూలు కాగితం మీద ఒకవైపు మెరుపు పూత పూసినవే. వాటి వెనకభాగం చెమ్మని పీల్చుకుంటుంది. వానాకాలంలో ఆ షీటు అప్పడంలా వంకర తిరుగుతుంది. ఆర్‌సీ పేపర్ అని అడిగి తీసుకోండి, 240 నుంచి 270 జీఎస్‌ఎం మధ్యలో. ఇందులో కాగితానికి రెండువైపులా పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, దాని మీద ఇంక్ పట్టే పూత ఉంటుంది. వెనక తాకితే ల్యాబ్ ఫొటోలా నున్నగా తగులుతుంది. మొదటి ప్యాక్ ప్రింటర్ కంపెనీదే కొనండి. రంగులు ఎలా ఉండాలో దాంతో తెలుస్తుంది, తర్వాత వేరే కంపెనీవి పోల్చుకోవచ్చు. ప్రింటు తీసే ప్రతిసారీ కాగితం రకం దగ్గర సరైనది ఎంచుకోండి. ప్లెయిన్ పేపర్ అని వదిలేస్తే ఎంత ఖరీదైన షీటైనా వెలవెలబోతుంది.

ఇంక్ కూడా కంపెనీదే పోయండి. ఒకసారి షాపాయన మాట విని సగం ధరకి వచ్చే ఇంక్ పోశాను. వచ్చినరోజు ఫొటో బాగానే ఉంది. హాల్లో కిటికీకి ఎదురుగా కట్టిన అమ్మానాన్నల షష్టిపూర్తి ఫొటోలో ఏడాది తిరిగేసరికి ఎరుపంతా పోయింది. అమ్మ నుదుట కుంకుమ కనిపించకుండా పోయింది. ఆ ఫొటో దించేసిన రోజు నుంచి మళ్లీ అలాంటి సీసా ఇంటికి తేలేదు.

మిగిలిన షీట్లని వాటి కవర్లోనే పెట్టి, గట్టి మూత ఉన్న డబ్బాలో రెండు సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. ట్రేలో వదిలేస్తే ఒక్క రాత్రి ముసురుకే చెమ్మ పడుతుంది.

7. ఇంట్లో చోటు, కరెంటు

వంటింటి పక్క గోడ, కిటికీ దిగువ, నేల మీద: ఈ మూడు చోట్లా పెట్టకండి. బల్ల ఎత్తులో, చదునుగా, గోడకి కాస్త ఎడంగా పెట్టండి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో వాడనప్పుడు పల్చటి నూలుగుడ్డ కప్పండి. ప్లాస్టిక్ కవరు వేస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది.

ఇంక్‌జెట్ ప్రింటర్‌ని ఎప్పుడూ దాని బటన్‌తోనే ఆపాలి. అప్పుడే హెడ్ తన చోటికి వెళ్లి మూత కింద చేరుతుంది. గోడ స్విచ్ కట్టేస్తే హెడ్ మధ్యలో గాలికి ఆగిపోయి ఎండిపోతుంది. కరెంటు పోయినా జరిగేది అదే. ఇంక్‌జెట్ పనిచేసేటప్పుడు లాగే కరెంటు ఒక చిన్న బల్బుకి అయ్యేంతే, ఇంటి ఇన్వర్టర్ సులువుగా భరిస్తుంది. ఆ లైనుకే కలపండి.

వారానికోసారి, ఆదివారం అనుకోండి, ఒక చిన్న రంగుల ఫొటో తీయండి. నెలకోసారి నాజిల్ చెక్ అనే పరీక్ష పేజీ తీసి గీతలు తెగాయేమో చూడండి. తెగితే ఒక్కసారి క్లీనింగ్ చేసి మళ్లీ చెక్ చేయండి. రెండుసార్లకీ రాకపోతే ఒక రాత్రి వదిలేసి పొద్దున చూడండి, ఎండిన ఇంక్ నాని చాలాసార్లు గీతలు అవే వస్తాయి. పదేపదే క్లీనింగ్ కొడితే స్పాంజి నిండడమే తప్ప లాభం లేదు. ఇంక్ పోసిన ప్రింటర్‌ని బండి మీద పక్కకి ఒరిగించి తీసుకెళ్లకండి. సర్వీసుకి తీసుకెళ్లాల్సివస్తే ఆటోలో, ఒళ్లో నిటారుగా పట్టుకుని వెళ్లండి.

8. ఆరబెట్టడం, దాచడం

ఇంక్‌జెట్ ఫొటో తాకితే పొడిగా అనిపిస్తుంది, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఫ్యాన్ గాలికి దూరంగా, ఒకదాని మీద ఒకటి పడకుండా ఒక రోజు ఆరనివ్వండి. శ్రావణ భాద్రపదాల్లో రెండు రోజులు. పచ్చిగా ఉండగానే ఫ్రేమ్ కడితే అద్దం లోపల పొగమంచులా పట్టేస్తుంది.

ఫ్రేమ్ కట్టించేటప్పుడు ఫొటోకీ అద్దానికీ మధ్య మౌంట్ అట్ట తప్పకుండా పెట్టమనండి. అద్దానికి నేరుగా ఆనించిన ఫొటో రెండు వానాకాలాల్లో అతుక్కుపోతుంది, విడదీయబోతే ముఖమే ఊడి వస్తుంది. డై ఇంక్ ఫొటోని అద్దం లేకుండా గోడకి అంటిస్తే గాలిలోని ఓజోన్‌కే రంగు పోతుంది. వెలుతురు నేరుగా పడని గోడ చూసుకోండి. ఆల్బమ్‌కి జిగురు పేజీల రకం వద్దు, పీవీసీ కవర్లు వద్దు, పాలీప్రొపిలీన్ కవర్లున్నది అడగండి. బీరువాలో పై అరలో, గోడకి ఆనకుండా పెట్టండి. అట్టడుగు అర వద్దు, వరద నీళ్లొస్తే ముందు తడిసేది అదే.

ఫొటో వెనక పేర్లు, తేదీ, ఊరు రాయండి. ఆర్‌సీ పేపర్ మీద మామూలు పెన్ను పట్టదు, రీఫిల్ నొక్కితే ముందువైపు గాడి పడుతుంది. పర్మనెంట్ మార్కర్‌తో మెల్లగా రాసి, ఆరాకే కవర్లో పెట్టండి.

2027లో పుష్కరాలు వస్తున్నాయి. చుట్టాలందరూ మళ్లీ ఒకచోట చేరతారు. అప్పటి ఫొటోలు ప్రతిదీ రెండేసి తీయండి. ఒక సెట్టు మన ఇంట్లో, ఇంకో సెట్టు గోదారికి దూరంగా ఉన్న అక్క ఇంట్లోనో తమ్ముడి ఇంట్లోనో ఉంచండి. మా ఇంట్లో బతికిన తాతయ్య ఫొటోలు కొన్నింటిని నేను 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేసి, ఆర్‌సీ పేపర్ మీద మళ్లీ తీసి, రెండో సెట్టు విజయవాడలో మా అక్కకి ఇచ్చాను.